దుమ్ము మింగిన ఊపిరికి ఔషధ పరీక్షల్లో చోటెక్కడ?

వెనుకబడిన తరగతుల జాబితాలో బి.సి.-ఇ వర్గాన్ని తిరగేసిన వారికి ఒక పద్దు తప్పక కనబడుతుంది. తురక కాశ, కక్కుకొట్టే జింక సాయెబులు, చక్కిటకానెవాలే, రోళ్లకు కక్కు కొట్టేవారు, పత్తర్‌ఫోడులు. ఇవన్నీ ఒకే పద్దు కింద నమోదైన పేర్లు. అరిగిపోయిన రోళ్లకు, తిరగళ్లకు ఉలితో గంట్లు పెట్టి మళ్లీ పనికి వచ్చేలా చేయడం వీరి కులవృత్తి. పి.ఎస్. కృష్ణన్ నివేదిక దరిమిలా 2007లో వచ్చిన చట్టం ఇతర వెనుకబడిన ముస్లిం వర్గాలతోపాటు వీరికి కూడా 4 శాతం రిజర్వేషన్‌లో చోటు కల్పించింది. ఆ 4 శాతం కోసం మనం వీధుల్లోనూ న్యాయస్థానాల్లోనూ పోరాడాం. పోరాడవలసిందే. కాని ఒక మాట ఒప్పుకోక తప్పదు. వృత్తి పేరు చెప్పి సీటు అడిగాం, ఉద్యోగం అడిగాం. ఆ వృత్తి మనిషి ఊపిరితిత్తులను ఏం చేస్తున్నదో మాత్రం అడగలేదు.

రాతిలో సిలికా ఉంటుంది. రాతిని కొట్టినా, కోసినా, తొలిచినా, నునుపు చేసినా కంటికి కనబడనంత సన్నని ధూళి లేస్తుంది. పెద్ద రేణువులను ముక్కు, గొంతు ఆపుతాయి. అయిదు మైక్రాన్లకన్నా చిన్నవి ఊపిరితిత్తుల అట్టడుగు గాలిగదుల దాకా చేరతాయి. వాటిని మింగి శుభ్రం చేయడానికి వచ్చిన రక్షక కణాలు ఆ సిలికా ధాటికి చచ్చిపోతాయి. చస్తూ చస్తూ వాపు కలిగించే పదార్థాలను వదులుతాయి. గాయమైన చోట చర్మం మీద మచ్చ కట్టినట్టే ఊపిరితిత్తి లోపల మచ్చ కడుతుంది. మెత్తగా సాగి ముడుచుకోవలసిన కండ క్రమంగా గట్టిపడుతుంది. గాలి లోపలికి వస్తుంది గాని ప్రాణవాయువు రక్తంలోకి దాటదు. దీనినే సిలికోసిస్ అంటారు. ఊపిరితిత్తుల్లో మచ్చగట్టే జబ్బులన్నింటినీ కలిపి పల్మనరీ ఫైబ్రోసిస్ అంటున్నారు. సిలికోసిస్ ఆ కుటుంబంలో పాత సభ్యురాలు.

మిక్సీలు, గ్రైండర్లు వచ్చి రోళ్లకు కక్కు కొట్టే పని దాదాపు అంతరించింది. కాని రాయి మన వాళ్లను వదలలేదు. కంకర మిషన్ల దగ్గర, గ్రానైట్ కోత యంత్రాల దగ్గర, ఇళ్లలో బండలు కోసి పరిచే చోట అదే ధూళి, అవే ఊపిరితిత్తులు. పాత రోజుల్లో ఉలి దెబ్బకు లేచే దుమ్ము గుప్పెడైతే, నేడు విద్యుత్ కోత యంత్రం లేపే దుమ్ము గదినే నింపేస్తుంది. కరీంనగర్, ఖమ్మం గ్రానైట్ క్వారీల్లోనైనా, మార్కాపురం పలకల పనిలోనైనా దుమ్ము కులం చూడదు, మతం చూడదు. అయితే కూలి ఎవరు, యజమాని ఎవరు అన్నది మాత్రం చూస్తుంది. ముస్లిం శ్రామికులు అధికంగా అసంఘటిత రంగంలోనూ స్వయం ఉపాధిలోనూ బతుకుతున్నారని 2006లోనే సచార్ కమిటీ తేల్చి చెప్పింది. హాజరు పట్టీలో పేరు లేని కూలికి జబ్బు వస్తే అది ఏ యజమాని ఖాతాలోకీ రాదు.

ఈ నేపథ్యంలోనే ఊపిరితిత్తుల మచ్చ జబ్బుకు కొత్త మందుల పరీక్షల గురించి మాట్లాడాలని మేము భావిస్తున్నాం. ఇది వైద్యుల విషయం, మనకెందుకు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఏ మందు ఎవరి మీద పరీక్షిస్తారో, ఆ మందు చివరకు ఎవరికి అందుతుందో నిర్ణయమయ్యేది అక్కడే.

మొదట ఈ పరీక్షలు ఎందుకు అవసరమో చూద్దాం. కారణం తెలియకుండా ఊపిరితిత్తి మచ్చగట్టే జబ్బును ఇడియోపథిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ అంటారు. చికిత్స లేకపోతే జబ్బు తేలిన నాటినుంచి సగం మంది మూడు నుంచి అయిదేళ్లలోపే కన్నుమూస్తారు. దీనికి ఏళ్ల తరబడి వైద్యులు ప్రెడ్నిసోన్, అజథయోప్రిన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అన్న మూడు మందులు కలిపి ఇచ్చేవారు. ఆ కలయిక మేలు చేస్తుందనే అందరూ నమ్మారు. అమెరికాలో పాంథర్ అన్న పరీక్షలో కొందరికి ఈ మూడు మందులు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చి చూశారు. మూడు మందులూ తీసుకున్న 77 మందిలో 8 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 78 మందిలో చనిపోయింది ఒక్కరే. 2011లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. పెద్ద పేరున్న వైద్యుల నమ్మకం కూడా పరీక్షకు నిలవకపోవచ్చునన్న పాఠం అది. కాబట్టి ప్రయోగం అనగానే పాపం అన్నట్టు చూడడం మనకు మేలు చేయదు. పరీక్షించని మందే ప్రమాదకరం.

ఆ తరువాత రెండు మందులు పరీక్షకు నిలిచాయి. పిర్ఫెనిడోన్‌కు 2008లో జపాన్‌లో అనుమతి లభించింది. మన దేశంలో 2010 నుంచే దొరుకుతున్నది. నింటెడానిబ్‌కూ పిర్ఫెనిడోన్‌కూ అమెరికా 2014 అక్టోబరులో ఒకే రోజు అనుమతి ఇచ్చింది. నింటెడానిబ్ మీద జరిపిన జంట పరీక్షల్లో 1,066 మంది పాల్గొన్నారు. వాటిలో మొదటిదాని ఫలితం చూడండి. నిండుగా పీల్చి బలంగా వదలగలిగే గాలి ఏడాదిలో ఎంత తగ్గిందో కొలిచారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వారికి దాదాపు 240 మిల్లీలీటర్లు తగ్గితే, మందు తీసుకున్న వారికి 115 మిల్లీలీటర్లు తగ్గింది. అంటే జబ్బు ఆగలేదు, నడక నెమ్మదించింది. కట్టిన మచ్చను కరిగించే మందు నేటికీ లేదు. అటు తరువాత ఎన్నో మందులు ఆశ చూపి చతికిలపడ్డాయి. జిరిటాక్సెస్టాట్ పరీక్షలను 2021లో ఆపేశారు. పామ్రెవ్లుమాబ్ 2023లో విఫలమైంది. 1,177 మందితో జరిపిన పరీక్షలో నెరాండోమిలాస్ట్ నెగ్గి, 2025 అక్టోబరులో అమెరికా అనుమతి పొందింది.

ఇంతవరకు బాగానే ఉంది. ఈ కథలో మన రాతి కూలీ ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. ఈ పరీక్షలన్నీ ప్రధానంగా 'కారణం తెలియని' మచ్చ జబ్బు మీద జరిగాయి. వృత్తిలో సిలికా పీల్చినవాడి జబ్బుకు కారణం తెలుసు గనుక, ఆ నిర్వచనం ప్రకారమే అతను తలుపు బయట నిలిచిపోయాడు. కారణం తెలియడం అతనికి న్యాయం తెచ్చిపెట్టలేదు, మందుల పరీక్షలో చోటు మాత్రం పోగొట్టింది. ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది?

మన దేశపు మచ్చ జబ్బు తీరు కూడా వేరు. 19 నగరాల్లోని 27 వైద్య కేంద్రాల నుంచి 1,084 మంది రోగుల వివరాలు సేకరించి 2017లో ప్రచురించిన భారతీయ రిజిస్ట్రీలో దాదాపు సగం మందికి, అంటే 47 శాతానికి, ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. గాలిలోని బూజు, పక్షుల రెట్టలు, ఈకల ధూళి పడక ఊపిరితిత్తి వాచి, చివరకు మచ్చగట్టే జబ్బు అది. ఆ జబ్బు ఉన్నవారిలో సుమారు సగం మంది నీటితో నడిచే ఎయిర్ కూలర్ల గాలి పీల్చినవారు. హైదరాబాద్ పాతబస్తీలో మిద్దెల మీద పావురాల గూళ్లు, ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి శుభ్రం చేయని కూలర్లు ఎవరికి తెలియనివి? కబూతర్‌బాజీ మన ముచ్చట. ఆ ముచ్చట కొందరి ఊపిరి తీయగలదని ఇంటింటికీ చెప్పవలసిన బాధ్యత కూడా మనదే.

అయితే ఈ జబ్బువారికి ఒక తలుపు తెరుచుకుంది. 2019లో వెలువడిన ఇన్‌బిల్డ్ పరీక్షలో వైద్యులు పద్ధతి మార్చారు. మచ్చ ఎందుకు కట్టిందని కాకుండా, మచ్చ పెరుగుతూ పోతున్నదా లేదా అని చూశారు. 663 మంది రోగుల్లో 173 మంది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ వారే. నింటెడానిబ్ వారి జబ్బు నడకనూ నెమ్మదింపజేస్తుందని తేలాక వారికీ ఆ మందు అధికారికంగా దక్కింది. వృత్తి ధూళి వల్ల వచ్చిన మచ్చ జబ్బులు మాత్రం 'ఇతరములు' అన్న చిన్న పద్దులో ఒదిగిపోయాయి. పరీక్షలో లెక్కకు వచ్చినవాడికే మందు లెక్క ప్రకారం దక్కుతుందనడానికి ఇదే నిదర్శనం. సిలికోసిస్ మీద ప్రత్యేకంగా, తగినంత మందితో, ప్రభుత్వ ధనంతో పరీక్షలు జరగాలని మేము కోరడానికి కారణం ఇదే. రోజు కూలీని మార్కెట్‌గా చూడని మందుల కంపెనీ తనంతట తాను ఆ పని చేస్తుందని ఎదురుచూడడం అమాయకత్వం. భారత వైద్య పరిశోధన మండలి ఆ బాధ్యత తలకెత్తుకోవాలి. సిలికోసిస్‌ను ముందే పసిగట్టే రక్తపరీక్షను ఆ మండలికి చెందిన అహ్మదాబాద్ సంస్థ రూపొందించింది. పసిగట్టిన తరువాత రోగి చేతిలో ఏం పెట్టాలన్న ప్రశ్నకు కూడా అదే మండలి జవాబు వెతకాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని మాకు తెలుసు. 'మన పేదలను ప్రయోగశాల ఎలుకలుగా మార్చమంటారా?' అని అడుగుతారు. ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 2009-10లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వారిలో గిరిజన బాలికలు ఎందరో. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన పత్రాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బు ఆశచూపి హైదరాబాద్ తీసుకువెళ్లి వారి మీద మందులు పరీక్షించిన ఉదంతం రాష్ట్రాన్ని కుదిపింది. వేలిముద్రను అంగీకారంగా చెలామణి చేసిన ఈ చరిత్ర మరిచిపోదగింది కాదు.

కాని ఆ చరిత్ర నుంచి 'తలుపు మూసేయండి' అన్న పాఠం తీసుకుంటే నష్టపోయేది మనమే. తలుపు మూస్తే మందు మనకు అక్కరకు వస్తుందో లేదో ఎన్నటికీ తెలియదు. మోసానికి మందు నిఘా. పరీక్షలో పాల్గొనడం దయాదాక్షిణ్యం కాదు, బలవంతమూ కాదు. అది తెలిసి, అడిగి, షరతులు విధించి వినియోగించుకోవలసిన హక్కు. ఆ హక్కుకు 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ఆధారం ఇస్తున్నది. వాటిలో మన పాఠకులకు తెలిసి ఉండవలసినవి కొన్ని చెబుతాం.

పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో వివరించి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. చదవడం రానివారి విషయంలో నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి. కొత్త ఔషధాన్ని బలహీన స్థితిలో ఉన్నవారి మీద పరీక్షించేటప్పుడు అంగీకార ప్రక్రియను దృశ్య శ్రవణ రూపంలో రికార్డు చేయాలి. ఏ క్షణాన అయినా, కారణం చెప్పకుండా, మామూలు వైద్యం కోల్పోకుండా తప్పుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో తెలియజేయాలి. పరిహారం చెల్లించమన్న ఉత్తర్వు అందిన 30 రోజుల్లో చెల్లించాలి. పరీక్ష ముగిశాక మందు మేలు చేసిందని తేలి, వేరే చికిత్స లేనప్పుడు, నైతిక సంఘం ఆమోదంతో ఆ మందును ఉచితంగా కొనసాగించే వీలు కూడా నియమాల్లో ఉంది. ప్రతి పరీక్షా దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా చూడవచ్చు. నమోదు సంఖ్య అడగండి. చెప్పలేని చోట సంతకం పెట్టకండి.

కాగితం మీది ఈ హక్కులు మన గడప దాకా రావాలంటే మరికొన్ని కావాలి. పాతబస్తీ మహిళకు గ్రాంథిక తెలుగులో పత్రం చదివి వినిపిస్తే అది అంగీకారం అవుతుందా? కర్నూలు రాతి కూలీకి లక్నో ఉర్దూలో రాసిన పత్రం ఇస్తే మాత్రం ఏం లాభం? తెలుగులోనూ ఉర్దూలోనూ పత్రం ఉండాలి. దఖ్ఖనీలో నోటితో వివరించే మనిషీ ఉండాలి. ఆస్పత్రులకు చెందని సామాన్యుడు ఒకరు నైతిక సంఘంలో ఉండి తీరాలని నియమం చెబుతున్నది. ఆ కుర్చీలో శ్రామిక బస్తీల మనిషి కూర్చోవాలి. క్వారీలో ఒక రోజు మానేస్తే పొయ్యి వెలగని వాడు పరీక్ష కోసం నెలనెలా ఆస్పత్రికి రావాలంటే, పోయిన కూలి, దారి ఖర్చులు ఆ రోజే చేతికి అందాలి. చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ధర్మబోధ వింటూ పెరిగిన సమాజం మనది. ఇది మనకు కొత్త కోరిక కాదు.

మన జీవన విధానానికి సంబంధించిన ప్రశ్నలను కూడా పరీక్ష పెట్టేవారు ముందే అడిగి తీరాలి. పిర్ఫెనిడోన్‌ను సాధారణంగా రోజుకు మూడు పూటలా ఆహారంతో తీసుకోవాలి. నింటెడానిబ్‌ను సుమారు 12 గంటల తేడాతో రెండు పూటలా ఆహారంతోనే వేసుకోవాలి. రంజాన్ నెలలో ఏం చేయాలి? నింటెడానిబ్ వల్ల విరేచనాలు కావడం మామూలు. ఉపవాసంలో నీరు తాగని శరీరానికి అది ప్రమాదం. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి సడలింపు ఉన్నదని ప్రతి ముస్లింకూ తెలుసు. అయినా ఆ నెలలో మనసు ఒప్పక, డాక్టరుకు చెప్పకుండా మందు పూట మార్చుకునేవారు, మానేసేవారు ఉంటారు. అడగని వైద్యుడు, చెప్పని రోగి కలిసి పరీక్ష ఫలితాన్నే తప్పుదారి పట్టిస్తారు. నింటెడానిబ్ మెత్తని జెలటిన్ గుళికగా వస్తుంది. ఆ జెలటిన్ ఏ జంతువుదో అడిగే హక్కు ముస్లింకూ ఉంది, శాకాహారికీ ఉంది. జవాబు చెప్పాక నిర్ణయం అతనికే వదలాలి. పిర్ఫెనిడోన్ వాడేవారు ఎండకు దూరంగా ఉండాలి, లేకపోతే చర్మం కందిపోతుంది. మిట్టమధ్యాహ్నం క్వారీలో నిలబడే మనిషికి ఈ సలహా ఎలా పాటించాలో ఎవరు చెప్పాలి? ఎండలో పనిచేసేవారిని పరీక్షలో చేర్చుకున్ననాడే ఈ ప్రశ్న మందుల పుస్తకాల్లోకి ఎక్కుతుంది.

మందు గురించి ఇంత మాట్లాడి నివారణ గురించి మాట్లాడకపోతే అది ద్రోహమే అవుతుంది. సిలికోసిస్ పూర్తిగా ఆపగలిగిన జబ్బు. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తే దుమ్ము లేవదు. యంత్రం దగ్గరే దుమ్మును పీల్చే గొట్టం పెడితే గాలిలో కలవదు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఆ సన్నని ధూళిని ఆపదు, తగిన మాస్కు యజమాని ఇవ్వాలి. కనబడితే ప్రభుత్వానికి తెలియజేసి తీరవలసిన వృత్తి వ్యాధిగా సిలికోసిస్‌ను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకటించింది. కొత్త కార్మిక కోడ్ షెడ్యూలులోనూ అది ఉంది. అయినా దగ్గుతూ వచ్చిన రాతి కూలీ ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడితే మన ఆస్పత్రుల్లో మొదట రాసేది టీబీ మందులే. సిలికా పీల్చినవారికి టీబీ సోకే ముప్పు ఎక్కువన్నది నిజమే. కాని నీ పని ఏమిటని అడగకుండా ఇచ్చిన టీబీ మందు సిలికోసిస్‌ను లెక్కలోంచే చెరిపేస్తున్నది. లెక్కలో లేనివాడికి పరిహారం లేదు, పరీక్షలో చోటూ లేదు.

రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ధూళి జబ్బులకు ప్రత్యేక విధానం ప్రకటించింది. జబ్బు ధ్రువపడిన కార్మికుడికి 3 లక్షల రూపాయలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు, పింఛను నిర్ణయించింది. యజమాని ఎవరో నిరూపించలేని కూలీకీ అది వర్తిస్తుంది. అలాంటి విధానాన్ని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా తీసుకురావాలని మేము డిమాండ్ చేస్తున్నాం. క్వారీ ప్రాంతాల జిల్లా ఆస్పత్రుల్లో ధ్రువీకరణ మండళ్లు ఏర్పాటు చేయాలి. ప్రతి దగ్గు రోగినీ 'నువ్వు చేసే పని ఏమిటి?' అని అడిగి చీటీ మీద రాయాలి. ఇప్పటికే మేలు రుజువైన మందులు అవసరమైన పేదకు జీవితాంతం ఉచితంగా అందాలి. మస్జిద్ కమిటీలు, మన యువజన సంఘాలు తమ బస్తీల్లో రాతి పని చేసిన వారి పేర్లు, పనిచేసిన ఏళ్లు ఒక పుస్తకంలో రాసిపెట్టినా చాలు. రేపు ఏ మండలి ముందైనా అదే మొదటి సాక్ష్యం అవుతుంది.

రోళ్లకు కక్కు కొట్టేవారి పేరును ప్రభుత్వ జాబితాకు ఎక్కించడానికి మనకు దశాబ్దాలు పట్టింది. వైద్య పరిశోధన జాబితాకు ఎక్కించడానికి మరిన్ని దశాబ్దాలు ఆగలేం. కట్టిన మచ్చ మళ్లీ విడిపోదు. గడిచే ప్రతి ఏడాదీ ఆ మనిషి ఊపిరిలోంచే మినహాయింపు అవుతున్నది.